పురపాలక సంఘం భవనం, ట్రస్టు నిర్వహణ: ఊరి మ్యూజియానికి గట్టి ఒప్పందం కుదుర్చుకోవడం ఎలా

మ్యూజియం తెరిచిన మొదటి ఏడాది ఎవరూ కాగితాలు అడగరు. రెండో ఏడు కమిషనర్ బదిలీ అయిపోతారు. మూడో ఏడు వానల్లో పైకప్పు కారుతుంది. మరమ్మతు చేయించాల్సింది భవనం సొంతదారులా, నడిపేవారా అని ఇరుపక్షాలూ ఒప్పందం బయటికి తీస్తే అందులో ‘పరస్పర సహకారంతో’ అన్న మాట తప్ప ఇంకేమీ కనిపించదు. తడిసిన తాళపత్రాలకు అప్పటికే బూజు పట్టి ఉంటుంది.

ఈ మార్గదర్శి ఆ మూడో ఏటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో పురపాలక సంఘం భవనమిస్తే స్వచ్ఛంద సంస్థ మ్యూజియం నడిపే ఏర్పాటును ఎలా కుదుర్చుకోవాలో, ఏ మెట్టు దగ్గర ఏం బెడిసికొడుతుందో ఇందులో చూడొచ్చు. గ్రామ పంచాయతీతో కలిసి నడిచేవారికీ దాదాపు ఇదే వరస. కమిషనర్ స్థానంలో కార్యదర్శి, పురపాలక శాఖ స్థానంలో పంచాయతీరాజ్ శాఖ వస్తాయి.

ఇలాంటి ఏర్పాటు ఎక్కడ ఉంది

స్థానిక సంస్థే సొంతంగా మ్యూజియం నడపడం మనకు కొత్త కాదు. సాగరతీరాన పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం నగరపాలక సంస్థది. 2002లో ప్రజలకు తెరిచిన కురుసుర జలాంతర్గామిని చూసుకునేది అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ. విశాఖకు వచ్చే పర్యాటకుల్లో పదో వంతు కూడా రాని ఊళ్లో అదే పద్ధతి పెడితే మ్యూజియం మరో మున్సిపల్ సెక్షన్‌గా మారి, గుమాస్తాను ఎన్నికల పనికి పిలిచినప్పుడల్లా తాళం పడుతుంది. ట్రస్టు అవసరమయ్యేది అక్కడే.

మన దేశంలో చూడదగ్గ నమూనా ముంబయిలోని భావు దాజీ లాడ్ మ్యూజియం. 1872లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ పేరుతో తెరిచిన ఈ మ్యూజియం నగరపాలక సంస్థ ఆస్తి. 1975లో పేరు మారింది. శిథిలావస్థకు చేరాక 2003లో నగరపాలక సంస్థ, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. భవన పునరుద్ధరణకు 2005లో యునెస్కో పురస్కారం దక్కింది, 2008లో మ్యూజియం మళ్లీ తెరుచుకుంది. ఆస్తి పాలక సంస్థ దగ్గరే ఉండిపోయింది, నిర్వహణ ట్రస్టుకు వెళ్లింది.

బ్రిటన్‌లో ఈ పద్ధతి ఇంకా ఎక్కువ. యార్క్ నగర మండలి 2002లో తన మ్యూజియాలను ఒక ట్రస్టుకు అప్పగించింది. భవనాలు, వస్తువులు మండలివే, నడిపేది ట్రస్టు. బర్మింగ్‌హామ్‌లో 2012లో అలాంటి ట్రస్టే ఏర్పడింది. 2023 సెప్టెంబరులో ఆ నగర మండలి ఖజానా కుదేలై, చట్టం తప్పనిసరి చేసిన ఖర్చులు తప్ప కొత్తవి పెట్టబోమని ప్రకటించాక సాంస్కృతిక సంస్థల నిధులపై కోత పడింది. ఒక్క దాత మీదే ఆధారపడితే ఆ దాత పాలక మండలి అయినా సరే ప్రమాదమేనని అక్కడ తేలింది.

మొదటి మెట్టు: సంస్థకు ఏ రూపం

మూడు దారులున్నాయి. సొసైటీ, పబ్లిక్ ట్రస్టు, కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ.

చిన్న పట్టణానికి సొసైటీ తేలిక. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా అదే చట్టాన్ని అన్వయించుకుంది. ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా దాఖలు, ఆడిట్ తప్పనిసరి. ఇవి రెండేళ్లు మరచిపోయిన సంస్థలే ఎక్కువ. తర్వాత గ్రాంటు అడగబోతే మొదటి తిరస్కరణ ఈ కారణంతోనే వస్తుంది.

పబ్లిక్ ట్రస్టు పెట్టేవారు 1987 నాటి ధర్మాదాయ, హిందూ మతసంస్థల చట్టాన్ని ముందే చదువుకోవాలి. పేరులో మతం కనిపించినా దాని పరిధి ప్రజాధర్మ సంస్థల దాకా ఉంది. దేవాదాయ శాఖతో మీకు ఏ మేరకు సంబంధం ఉంటుందో దస్తావేజు రాయకముందే న్యాయవాదితో తేల్చుకోండి. సెక్షన్ 8 కంపెనీకి లెక్కలు గట్టిగా ఉంటాయి, పెద్ద దాతలు ఇష్టపడతారు. కానీ ఏటా కంపెనీ సెక్రటరీ, ఆడిటర్ ఫీజులకే చిన్న మ్యూజియం ఒక నెల ఖర్చు పోతుంది.

ఏ రూపమైనా నిబంధనావళిలో రెండు వాక్యాలు ఉండి తీరాలి. ఒకటి: సంస్థ రద్దయితే ఆస్తులు సభ్యులకు పంచకుండా అదే ఆశయమున్న మరో సంస్థకో, పురపాలక సంఘానికో చేరాలి. రెండోది: సేకరణలోని వస్తువులను తాకట్టు పెట్టడానికి గానీ, అప్పు తీర్చడానికి అమ్మడానికి గానీ వీల్లేదు.

రిజిస్ట్రేషన్ కాగానే పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను నమోదు. ఇన్నాళ్లూ 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను రాయితీ) అని పిలుచుకున్న వాటికి 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి. దరఖాస్తు పాత నంబర్లతో పెట్టి వెనక్కి తిప్పించుకోకండి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అందరికీ ముందు గుర్తొస్తాయి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో వారసత్వం, కళ, సంస్కృతి పరిరక్షణ ఉన్నమాట నిజమే. అయితే కంపెనీ గానీ ప్రభుత్వం గానీ పెట్టని సొసైటీకి, ట్రస్టుకు అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, పన్ను నమోదులు, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదుకు దాఖలు చేసే సీఎస్‌ఆర్-1 ఫారం ఉండాలి. అంటే కొత్త సంస్థకు మొదటి మూడేళ్లు ఆ డబ్బు నేరుగా రాదు. బడ్జెట్‌లో దాన్ని లెక్కేసుకుని మొదలుపెట్టినవారు పదిహేనో నెలలోనే చతికిలపడతారు.

విదేశాల్లోని మన ఊరివాళ్ల విరాళాలకు ఇంకో మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా, పంపేది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా కావాలి. నమోదుకు సంస్థ వయసు మూడేళ్లు, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాలపై 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. కాబట్టి రసీదు రాసే ముందు దాత పౌరసత్వం అడగండి. అడగడానికి మొహమాటపడితే ఆ లక్ష రూపాయలు సంస్థ మెడకు చుట్టుకుంటాయి.

రెండో మెట్టు: వస్తువులు ఎవరివో తేల్చడం

ఇది అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టే పని. భవనం దొరకకముందే మొదలుపెట్టాలి.

మన ఊళ్లలో మ్యూజియానికి వచ్చే వస్తువులు సాధారణంగా నాలుగు మూలల నుంచి వస్తాయి: ఇళ్ల నుంచి, పొలాల నుంచి, గుళ్ల నుంచి, పాత ఆఫీసుల నుంచి.

ఇళ్ల నుంచి వచ్చేవాటికి దానపత్రం రాయించండి. చరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ లేకపోయినా అప్పగిస్తే చెల్లుతుంది, కానీ రాత లేకపోతే పదేళ్ల తర్వాత మనవడొచ్చి ‘మా తాత చూడ్డానికిచ్చాడు’ అంటాడు. పత్రంలో వస్తువు వర్ణన, కొలతలు, ఫొటో, ‘నాకూ నా వారసులకూ ఇకపై హక్కు లేదు’ అన్న మాట, ఇద్దరు సాక్షుల సంతకాలు. అన్నదమ్ముల ఉమ్మడి సొత్తయితే అందరూ సంతకం చేయాలి. ‘మా నాన్న పేరుతో గది పెట్టాలి, ఎప్పటికీ ప్రదర్శనలోనే ఉండాలి’ వంటి షరతులు ఒప్పుకోకండి. పదిమంది దాతలకు అలా మాటిస్తే పదకొండో వస్తువుకు గోడ మిగలదు.

ఎరవుగా ఇస్తామనేవారి దగ్గర గడువు రాసుకోండి, మూడేళ్లకు మించకుండా. శాశ్వత ఎరవు అనేది పెట్టుకోకండి. యజమాని చనిపోతే ఎవరికి తిరిగివ్వాలో తెలియని వస్తువును మీ ఖర్చుతో కాపాడుతూ కూర్చోవాల్సి వస్తుంది.

వందేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు వంటివి, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం లెక్కలోకి వస్తాయి. ప్రకటిత వర్గాల పురావస్తువు మీ స్వాధీనంలోకి వస్తే రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చూసుకోవాలి. ఇచ్చినవారి పేరున ముందే నమోదై ఉంటే చేతులు మారిన సంగతి తెలపాలి. దీన్ని దాత మీదికి నెట్టకుండా కాగితాలు మీరే నింపి, ఇద్దరిచేతా సంతకం చేయించి పంపండి.

పొలంలో దొరికిన నాణేల కుండ విషయంలో రాజీ లేదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. రైతు నేరుగా మీకిస్తానన్నా తీసుకోకండి, ఆయనను తహసీల్దారు దగ్గరకు తీసుకెళ్లండి. రోడ్డు పక్కన వీరగల్లు, చెరువు గట్టున నంది కనిపిస్తే ట్రాక్టరెక్కించి తేవడం ఇంకా పెద్ద తప్పు. అది ఏ గ్రామానిది, దేవాదాయ శాఖదా, పురావస్తు శాఖ రక్షణలో ఉందా అని తేలాలి. శిల్పం విలువలో సగం అది నిలబడిన చోటులోనే ఉంటుంది కూడా.

పాత దివాణాల నుంచి పులితోలు, జింక తల, ఏనుగు దంతం వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద యాజమాన్య ధ్రువపత్రం లేనివాటిని గుమ్మం దాటనివ్వకండి, అటవీ శాఖకు రాతపూర్వకంగా తెలపమని దాతకే చెప్పండి. పాత తుపాకులకు పోలీసుల మాట రాతలో కావాలి.

మున్సిపల్ ఆఫీసులోని పాత పటాలు, మినిట్స్ పుస్తకాలు, గడియారం, వీధిదీపాలు పురపాలక సంఘానివే. వాటిని ట్రస్టుకు దానమివ్వమని అడగకండి. ఫైలు కదలదు, కదిలినా ఆడిట్‌లో పడుతుంది. ‘సంరక్షణకు అప్పగింత’ అన్న మాట వాడి, జాబితా జతచేస్తే సరిపోతుంది.

ఆఖరికి మీ దగ్గర మూడు జాబితాలు తయారవ్వాలి: సంఘానివి, ట్రస్టువి, ఎరవువి. ఒప్పందానికి ఇవే అనుబంధాలు. యాజమాన్యం కలగాపులగమైతే ఏమవుతుందో నార్తాంప్టన్‌లో జరిగింది. నాలుగు వేల ఏళ్లు దాటిన ఈజిప్టు సెఖెంకా విగ్రహాన్ని అక్కడి పురపాలక మండలి 2014లో కోటీ 57 లక్షల పౌండ్లకు పైగా ధరకు వేలంలో అమ్మేసింది, వచ్చిన సొమ్ములో పాత దాత వంశీకుడికీ వాటా ఇచ్చింది. ఇంగ్లండ్ కళల మండలి ఆ మ్యూజియాలకు గుర్తింపు రద్దు చేయడంతో చాలా గ్రాంట్లకు దారి మూసుకుపోయింది.

మూడో మెట్టు: భవనం

పాత తాలూకా ఆఫీసు, ట్రావెలర్స్ బంగ్లా, వాడకంలో లేని స్కూలు బాగుంటాయి. ముందు ఆస్తి రిజిస్టరులో అది నిజంగా పురపాలక సంఘం పేరునే ఉందో లేదో చూడండి. కొన్ని భవనాలు సంఘం చేతిలో ఉన్నా భూమి రెవెన్యూ శాఖదో, రోడ్లు భవనాల శాఖదో అయి ఉంటుంది. అలాంటప్పుడు కౌన్సిల్ చేసే తీర్మానానికి బలం లేదు.

కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్లలోపు ఉంటే కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. మరుగుదొడ్డి గది కట్టుకోవడానికి కూడా అనుమతి వెతుక్కోవాలి.

సున్నపు గోడలు, మద్రాసు టెర్రస్ (కలప దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పైకప్పు) ఉన్న భవనానికి మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగం వేసే ఎస్టిమేట్‌ను వరసవరసా చదవండి. సిమెంటు ప్లాస్టరింగ్, పైన టైల్స్ అని రాసి ఉంటుంది. సిమెంటు పూత సున్నపు గోడలోని తేమను బయటికి పోనివ్వదు, రెండు వానాకాలాల్లో లోపలి పెచ్చులు రాలతాయి, ఉప్పు పొంగుతుంది. సున్నపు పనికి ఐటెం, రేటు కావాలంటే పురావస్తు శాఖ మరమ్మతుల ఎస్టిమేట్ సంపాదించి డిప్యూటీ ఇంజినీరుకు (డీఈ) ఇవ్వండి. నోటిమాటగా చెబితే వినరు, చూపించడానికి రేటు ఉంటే రాస్తారు.

నాలుగో మెట్టు: తీర్మానం, అనుమతి

ఫైలు నడిచే దారి ఇది. కమిషనరుకు వినతిపత్రం, సంస్థ కాగితాలు, మూడేళ్ల బడ్జెట్, భవనం ఫొటోలు. ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్, రెవెన్యూ విభాగాల అభిప్రాయం. కౌన్సిల్ అజెండాలో అంశం. తీర్మానం. ఆపై పురపాలక పరిపాలన కమిషనర్, డైరెక్టర్ కార్యాలయం ద్వారా ప్రభుత్వానికి.

చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. మున్సిపల్ ఆస్తిని వేలం లేకుండా, నామమాత్రపు అద్దెకు, దీర్ఘకాలానికి ఇవ్వాలంటే కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు, ప్రభుత్వ ఉత్తర్వు ఉండాలి. లేకపోతే అప్పటికి ఎవరూ అడ్డు చెప్పకపోయినా రెండేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తుంది, మార్కెట్ అద్దె బకాయి కట్టమని నోటీసు వస్తుంది. ఉత్తర్వు రావడానికి ఏడాది పట్టవచ్చు. ఆలోగా పదకొండు నెలల వాడుక అనుమతితో వస్తువుల నమోదు, శుభ్రం చేయడం వంటి పనులు సాగించుకోండి, ప్రదర్శన మాత్రం పెట్టకండి. ఒకసారి రిబ్బను కత్తిరించాక ఫైలు మీద ఎవరికీ తొందర ఉండదు.

తీర్మానం ఏకగ్రీవంగా రావడం ముఖ్యం. పాలకవర్గం గడువు అయిదేళ్లు, మీకు కావలసిన ఒప్పందం పదిహేనేళ్లు. ఓడిపోయిన పక్షం తెచ్చిన మ్యూజియం అన్న ముద్ర పడితే తర్వాతి కౌన్సిల్ మొదట దాన్నే తిరగదోడుతుంది. ముంబయిలో అంతటి పేరొచ్చిన మ్యూజియం విషయంలోనే 2014లో కొందరు కార్పొరేటర్లు ట్రస్టు నుంచి వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టారు. ప్రతిపక్ష సభ్యులను అజెండాకు ముందే భవనం చూపించడానికి పిలవండి. వారి వార్డుల్లోని పాత వస్తువుల గురించి అడగండి, సగం వ్యతిరేకత అక్కడే కరుగుతుంది. ప్రత్యేకాధికారి పాలనలో ఉన్నప్పుడు ఫైలు వేగంగా కదులుతుంది నిజమే, కానీ ఆ తీర్మానాన్ని ఎన్నికైన కౌన్సిల్ మొదటి సమావేశాల్లో ఒకదానిలో మళ్లీ ధ్రువీకరింపజేయండి.

అయిదో మెట్టు: నెలవారీ ఖర్చు

రెండున్నర వేల చదరపు అడుగుల మ్యూజియానికి ఒక నమూనా లెక్క చూద్దాం. మీ ఊరి జీతాలను బట్టి అంకెలు మార్చుకోండి.

క్యూరేటర్ 30,000, ఇద్దరు సహాయకులకు 15,000 చొప్పున 30,000, రాత్రి కాపలా 14,000, పాక్షికంగా పనిచేసే సఫాయి మనిషికి 6,000. జీతాలే 80,000. కరెంటు 15,000, సంరక్షణ సామగ్రి 8,000, బీమా, అగ్నిమాపక పరికరాలకు నెలకు విడగొడితే 3,000, కార్యక్రమాలు, ముద్రణ 14,000. మొత్తం నెలకు 1,20,000, ఏడాదికి 14 లక్షల 40 వేలు.

ఇప్పుడు టికెట్లు. రోజుకు 40 మంది, మనిషికి 20 రూపాయలు, ఏడాదిలో 300 రోజులు. వచ్చేది 2 లక్షల 40 వేలు, ఖర్చులో ఆరో వంతు. మ్యూజియం ప్రవేశ రుసుముకు జీఎస్టీ మినహాయింపు ఉంది. హాలు అద్దె, జ్ఞాపికల దుకాణం అమ్మకాలకు ఆ మినహాయింపు వర్తించదు, వాటి లెక్క వేరుగా పెట్టండి. మిగిలిన 12 లక్షలు ఎవరిస్తారో కాగితం మీద తేలేదాకా తాళంచెవులు తీసుకోకండి.

సంఘం నగదు ఇవ్వడానికి జంకుతుంది, కానీ వస్తురూపంలో ఇవ్వగలది చాలా ఉంది: కాపలా, పారిశుద్ధ్యం, నీరు, కరెంటు బిల్లు, భవనం మరమ్మతు. వీటిని కోరుకోవడమే మేలు. నగదు గ్రాంటు ప్రతి బడ్జెట్‌లోనూ కొత్తగా వాదించాల్సినది, కరెంటు బిల్లు ఒకసారి సంఘం పేరున పడితే దానంతటదే సాగిపోతుంది. మీటరు ట్రస్టు పేరునే ఉండాల్సివస్తే వాణిజ్య కేటగిరీలో పడకుండా దరఖాస్తులోనే సంస్థ స్వభావం రాసి, నమోదు పత్రం జతచేయండి.

నగదే తీసుకుంటే మూడేళ్లకు మొత్తం రాయించుకోండి. రెండు వాయిదాల్లో, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో. మార్చి చివరి వారంలో వచ్చే గ్రాంటును నమ్ముకుని జీతాలు ఇవ్వలేం. ఆరు నెలల ఖర్చు, పై లెక్కలో 7 లక్షల 20 వేలు, విడి ఖాతాలో నిల్వ ఉండాలి. ఈ నిల్వ చేరకముందే మ్యూజియం తెరవడాన్ని సమర్థించలేం.

ఆరో మెట్టు: ఒప్పందంలో ఏం రాయాలి

అవగాహన ఒప్పందం ఫొటో దిగడానికి పనికొస్తుంది. మీకు కావలసినవి రెండు దస్తావేజులు: భవనానికి లీజు, మ్యూజియానికి నిర్వహణ ఒప్పందం. ఏడాది దాటిన లీజుకు 1908 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద పదిహేనేళ్లని రాసుకుంటే కోర్టులో అది లీజుగా నిలవదు. రెండు దస్తావేజుల గడువూ ఒకే రోజున ముగియాలి. భవనం పోయి నిర్వహణ బాధ్యత మిగిలిన పరిస్థితి ఊహించుకోండి.

మరమ్మతులను పేరుపేరునా విడదీయండి. పైకప్పు, పునాది, బయటి గోడలు, ప్రధాన వైరింగు, కాలువలు సంఘానివి. లోపలి రంగులు, బల్బులు, అద్దాల బీరువాలు, సీసీ కెమెరాలు ట్రస్టువి. పైకప్పు కారితే ఎన్ని రోజుల్లో? ఏడు రోజుల్లో సంఘం మొదలుపెట్టకపోతే ట్రస్టు చేయించి, ఎం.బుక్‌లో (పనుల కొలతల పుస్తకం) అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలతలతో ఖర్చు తిరిగి పొందవచ్చు అన్న వాక్యం ఉంటే ఈ వ్యాసం మొదట్లో చెప్పిన బూజు పట్టదు.

ట్రస్టు ఇచ్చే హామీలను కొలవగలిగేలా రాయండి: వారానికి ఆరు రోజులు, ఏడాదికి ఇన్ని పాఠశాలల సందర్శనలు, పట్టణంలోని ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితం, ఏడాదిలో జాబితాలోని పదో వంతు వస్తువుల తనిఖీ, జూన్ నెలాఖరుకు వార్షిక నివేదిక. సందర్శకుల సంఖ్యను షరతుగా పెట్టకండి. రోడ్డు తవ్వి ఆరు నెలలు వదిలేసినా అది మీ వైఫల్యం కిందే లెక్కపడుతుంది.

హాలు వాడకం గురించీ రాసుకోవాలి. రాయకపోతే పెళ్లి రిసెప్షన్లు, పార్టీ సమావేశాలు, ఎన్నికల సామగ్రి గది అన్నీ అక్కడికే వస్తాయి. ‘సంఘం ఏడాదికి నాలుగు రోజులు, పదిహేను రోజుల ముందస్తు నోటీసుతో, ప్రదర్శన గదులు మినహా, లోపల భోజనాలు లేకుండా’ అంటే చాలు.

కార్యవర్గంలో తొమ్మిదిమంది ఉంటే సంఘం వారు ముగ్గురికి మించకూడదు: హోదా రీత్యా కమిషనర్, హోదా రీత్యా ఛైర్‌పర్సన్, ప్రతిపక్షం నుంచి ఒక కౌన్సిలర్. వ్యక్తుల పేర్లు రాస్తే బదిలీతో కుర్చీ ఖాళీ అవుతుంది. మిగతా ఆరుగురిలో ఒక చార్టర్డ్ అకౌంటెంటు, ఒక చరిత్ర అధ్యాపకులు, ఒక స్కూలు టీచరు, భవనాల మీద అవగాహన ఉన్న ఒక ఇంజినీరు ఉండేలా చూడండి. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు కౌన్సిలర్ సైతం ట్రస్టు మేలు చూడాలి. గ్రాంటు మీద చర్చ వస్తే సంఘం ప్రతినిధులు ఓటు వేయకూడదన్న నియమం పెట్టండి.

ఇక విడిపోవడం. ఒప్పందం కుదిరే రోజున దీని గురించి మాట్లాడటం అశుభంగా అనిపిస్తుంది, అందుకే అందరూ దాటేస్తారు. కారణం ఏదైనా పన్నెండు నెలల నోటీసు, నోటీసు కాలమంతా గ్రాంటు, కరెంటు కొనసాగింపు. మొదటి అరవై రోజుల్లో ఉమ్మడి తనిఖీ, ఇద్దరి సంతకాలతో పంచనామా. సంఘం వస్తువులు సంఘానికి, ఎరవువి యజమానులకు, ట్రస్టువి ట్రస్టు నిబంధనావళి ప్రకారం. వివాదం వస్తే మొదట జిల్లా కలెక్టర్ సమక్షంలో రాజీ, తర్వాతే మధ్యవర్తిత్వం. బీరువాలు, లైట్లు ఎవరి డబ్బుతో కొన్నారో స్టాక్ రిజిస్టరులో రాసి ఉంటే ఆఖరి రోజున గొడవ పడాల్సింది పెద్దగా ఏమీ మిగలదు.

తెరవడానికి ముందు ఆరు నెలలు

నమోదు రిజిస్టరు గట్టి అట్ట పుస్తకంగా ఉండాలి. పేజీ నంబర్లు వేసి, మొదటి పేజీలో ఎన్ని పేజీలున్నాయో రాసి, కమిషనర్, ట్రస్టు కార్యదర్శి ఇద్దరూ సంతకం చేయాలి. కంప్యూటరు జాబితా దానికి తోడు మాత్రమే. వరసలు: నంబరు, తేదీ, పేరు, పదార్థం, కొలతలు, ఎవరిచ్చారు, దానమా ఎరవా కొనుగోలా, స్థితి, ఏ బీరువాలో, ఫొటో నంబరు. 2026.14.3 అంటే 2026లో పద్నాలుగో విడతగా వచ్చినవాటిలో మూడోది. వేసిన నంబరును మళ్లీ ఇంకో వస్తువుకు వాడకండి. ఇద్దరు మనుషులు కొలతలు, ఫొటోలతో రోజుకు 12 నుంచి 15 వస్తువులు నమోదు చేయగలరు. 800 వస్తువులంటే అరవై పనిదినాలు.

రాతి, లోహపు వస్తువుల మీద నంబరు నేరుగా రాయకండి. పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్ పలుచని పూత, ఆరాక సిరాతో నంబరు, పైన మరో పూత. ఎప్పుడైనా తీసేయాలంటే అసిటోన్‌తో పోతుంది. బట్టకు నంబరు రాసిన నాడా కుట్టండి, కాగితానికి మెత్తని పెన్సిల్, తాళపత్రాలకైతే చుట్టే బట్ట మీద.

తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. కోస్తాలో జులై నుంచి నవంబరు దాకా అది రోజువారీ సమస్య. పగలు ఏసీ నడిపి రాత్రి ఆపేయడం ఏసీ లేకపోవడం కన్నా చెడ్డది, చల్లబడిన వస్తువుల మీద తేమ పేరుకుంటుంది. నడిపితే ఇరవై నాలుగు గంటలూ నడపండి, లేదంటే గాలి ఆడేలా ఫ్యాన్లు, మూతబిగువు బీరువాల్లో సిలికాజెల్ చాలు. బట్టలు, ఫొటోలు, తాళపత్రాలకు వెలుతురు 50 లక్స్ మించకూడదు. తాళపత్రాలకు మనవాళ్లు పూసే నిమ్మగడ్డి నూనె ఇప్పటికీ మంచి మందే. నాఫ్తలీన్ ఉండలు మానేయండి. ఆ గదిలో అగ్నిమాపక పరికరం కార్బన్ డయాక్సైడ్‌దిగా ఉండాలి. పొడి చల్లే రకం మంటనార్పినా రాతప్రతుల మీద పొడి మిగిలిపోతుంది.

తెరవడానికి నెల ముందు ఒకరోజు కమిషనర్, ఏఈ, ట్రస్టు కార్యదర్శి, క్యూరేటర్ నలుగురూ ఒప్పందం చేతిలో పట్టుకుని భవనమంతా నడవాలి. ప్రతి తలుపు, మీటరు, నీటి పైపు దగ్గర ఆగి ‘ఇది పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి’ అని అడగాలి. జవాబు తడబడిన చోటల్లా ఒప్పందానికి ఒక వాక్యం చేర్చి, ఆ పూటే ఇరువురూ సంతకం పెట్టాలి. చేర్పులన్నీ మూల దస్తావేజుకు అనుబంధంగా తీసుకుని వచ్చే కౌన్సిల్ సమావేశంలో నమోదు చేయించాలి.